సంతకం పెట్టే ముందు

తొమ్మిదో తరగతి చదివే కూతురు బడి నుంచి ఒక కాగితం తెచ్చింది. తల్లి చేతికిచ్చింది.

"అమ్మా, ఇక్కడ సంతకం పెట్టు. రేపే ఇవ్వాలి."

ఇదివరకైతే ఆ తల్లి వేలిముద్ర వేసి ఇచ్చేసేది. ఇప్పుడు ఆమెకు చదవడం వచ్చు. పొయ్యి మీద కూర దించింది. లైటు కింద కూర్చుంది. అక్షరం అక్షరం కూడబలుక్కుంటూ చదివింది.

సేవా క్లబ్బు వాళ్లు పిల్లల్ని మూడు రోజుల క్యాంపుకు తీసుకెళ్తున్నారు. పక్క మండలంలో ఒక ఊరు. అక్కడ మొక్కలు నాటుతారు. వీధులు శుభ్రం చేస్తారు. రెండు రాత్రులు అక్కడే ఉంటారు. ఖర్చు 200 రూపాయలు. కింద ఒక గీత. గీత కింద "తల్లి లేక తండ్రి సంతకం" అని ఉంది.

తల్లి కాగితం తిప్పి చూసింది. వెనక ఏమీ లేదు.

"మీతో ఎవరొస్తున్నారే?"

"సార్ వస్తారు."

"ఇంకా?"

"సారేనమ్మా."

"రాత్రి ఎక్కడ పడుకుంటారు?"

కూతురికి తెలియదు. కాగితంలోనూ లేదు.

ఇలాంటి కాగితాలు ఇప్పుడు చాలా ఇళ్లకు వస్తున్నాయి. కాగితంలో ఉన్నది చదవడం ఒక పని. లేనిది అడగడం ఇంకో పని. ఈ పాఠం ఆ రెండో పని గురించి.

సేవ మంచిదే

ముందు ఒక మాట. సేవా క్లబ్బులు చెడ్డవి కావు. పిల్లలు నాలుగు ఊళ్లు చూస్తారు. పదిమందితో కలిసి పని చేస్తారు. సభలో లేచి నిలబడి మాట్లాడతారు. మనకు చిన్నప్పుడు దొరకనివి అవి.

మన దేశంలో ఇలాంటివి చాలా ఉన్నాయి. భారత్ స్కౌట్స్ అండ్ గైడ్స్ 1950లో ఏర్పడింది. బడి పిల్లలు మెడకు స్కార్ఫు కట్టుకుని జెండా పండుగనాడు కవాతు చేస్తారే, వాళ్లే. కాలేజీ పిల్లల కోసం 1969లో జాతీయ సేవా పథకం మొదలైంది. దాన్నే ఎన్.ఎస్.ఎస్. అంటారు. అది గాంధీగారి శతజయంతి సంవత్సరం. ఎన్.ఎస్.ఎస్. పిల్లలు ఊళ్లకు వచ్చి వారం రోజులుండి శ్రమదానం చేయడం చాలామంది చూసే ఉంటారు. ఇవి కాక యువజన సంఘాలు, పట్నంలోని పెద్దల క్లబ్బులు పిల్లల కోసం నడిపే క్లబ్బులు, గుడి, చర్చి, మసీదు తరఫున నడిచే సేవా బృందాలు ఉన్నాయి.

ఇక్కడికి వచ్చే పెద్దవాళ్లలో ఎక్కువమంది మంచివాళ్లే. తమ పని మానుకుని, సొంత డబ్బు పెట్టుకుని వస్తారు. కాని చెడ్డవాడు కూడా ఇక్కడికే వస్తాడు. ఎందుకు? చేపలు పట్టేవాడు చెరువు దగ్గరికే కదా వస్తాడు. పిల్లలు ఎక్కడ ఎక్కువగా ఉంటారో, తల్లిదండ్రులు ఎక్కడ ఉండరో అతను చూసుకుంటాడు.

ఇంకో సంగతి ఉంది. జీతం తీసుకునే మనిషిని మనం నిలదీసి అడుగుతాం. ఉచితంగా పని చేసేవాడిని అడగడానికి నోరు రాదు. "పాపం, మన పిల్లల కోసం ఊరికే తిరుగుతున్నాడు. ఆయన్ని ఏమని అడుగుతాం?" అనుకుంటాం. ఆ మొహమాటమే అతనికి తలుపు తీస్తుంది.

అమెరికాలో జరిగిన కథ

ఇది కల్పించిన కథ కాదు. కోర్టు కాగితాల్లో ఉన్నది.

అమెరికా దేశంలో పిల్లల స్కౌట్ సంస్థ ఒకటి ఉంది. 1910లో పెట్టారు. పేరు బాయ్ స్కౌట్స్ ఆఫ్ అమెరికా. 2025లో పేరు మార్చుకుని స్కౌటింగ్ అమెరికా అయింది. మన భారత్ స్కౌట్స్, ఆ సంస్థ ఒకటి కావు. అది వేరు, ఇది వేరు. అక్కడ తరతరాలుగా కోట్లమంది పిల్లలు అందులో చేరారు. అడవుల్లో డేరాలు వేసుకుని క్యాంపులు చేశారు. దేశమంతా దానికి మంచి పేరు.

ఆ మంచి పేరు వెనక ఒక బీరువా ఉంది. పిల్లలతో చెడుగా ప్రవర్తించిన పెద్దల పేర్లు సంస్థవాళ్లు ఫైళ్లలో రాసుకుని అందులో దాచేవారు. 1920ల నాటి నుంచే ఇలా రాస్తూ వచ్చారు. అంటే వాళ్లకు తెలియక కాదు. బాగా తెలుసు. ఆ మనిషి మళ్లీ సంస్థలో చేరకుండా చూడడానికే ఆ ఫైళ్లు అనేవారు. కాని చాలాసార్లు పోలీసులకు చెప్పలేదు. ఊళ్లోవాళ్లకూ చెప్పలేదు. "ఆరోగ్యం బాగాలేక మానేశాడు" అనో, "పని ఒత్తిడి" అనో చెప్పి గుట్టుగా పంపేసేవారు. అలా వెళ్లినవాళ్లలో కొందరు ఇంకో ఊరు పోయి, మళ్లీ అదే యూనిఫాం వేసుకున్నారు.

పోర్ట్‌లాండ్ అనే నగరంలో ఒక మనిషి ఉండేవాడు. స్కౌట్ పిల్లలకు నాయకుడు. తాను 17 మంది పిల్లలతో చెడ్డ పని చేశానని 1983లో తన పై పెద్దకు తనే ఒప్పుకున్నాడు. ఆ తర్వాత కూడా అతన్ని పిల్లల్లోకి రానిచ్చారు. మళ్లీ పిల్లలు పాడయ్యారు. వాళ్లలో ఒకతను పెద్దయ్యాక కోర్టుకెక్కాడు. 2010లో కోర్టులో అతనే గెలిచాడు. నష్టపరిహారం కాక, శిక్షగా 1 కోటి 85 లక్షల డాలర్లు కట్టమని సంస్థ మీద తీర్పు వచ్చింది. ఆ కేసులో బయటికి తీసిన ఫైళ్లను అందరూ చూడవచ్చని ఆ రాష్ట్ర పెద్ద కోర్టు చెప్పింది. 2012 అక్టోబరులో అవి బయటపడ్డాయి. సుమారు 1,200 ఫైళ్లు. అవి 1965 నుంచి 1985 వరకు 20 ఏళ్లవి మాత్రమే.

అప్పటి నుంచి ఒక్కొక్కరే నోరు విప్పారు. తాతలైపోయినవాళ్లు కూడా వచ్చారు. 60 ఏళ్లు, 70 ఏళ్లు వచ్చినవాళ్లు, భార్యకు కూడా చెప్పుకోనివాళ్లు. దావాలు మీద పడ్డాయి. 2020 ఫిబ్రవరిలో సంస్థ కోర్టులో దివాలా దరఖాస్తు పెట్టింది. మాకు అన్యాయం జరిగిందంటూ 82,000 మందికి పైగా అర్జీలు ఇచ్చారు. బాధితులకు పంచడానికి 246 కోట్ల డాలర్ల నిధి పెట్టాలని 2022లో ఒప్పందం ఖాయమైంది. మన రూపాయల్లో 20 వేల కోట్లకు పైనే.

డబ్బు ఎంతిస్తేనేం? పోయిన చిన్నతనం తిరిగి రాదు. ఈ కథలో చూడవలసింది డబ్బు కాదు. సంస్థ పేరు నిలబెట్టుకోవాలని పెద్దలు గుట్టు దాచారు. దాచిన ప్రతి పేరూ ఇంకో పిల్లవాడి మెడకు చుట్టుకుంది.

1980ల చివరలో ఆ సంస్థ ఒక నియమం పెట్టుకుంది. పిల్లలతో ఎప్పుడూ కనీసం ఇద్దరు పెద్దవాళ్లుండాలి. ఏ పెద్ద మనిషీ ఒక పిల్లవాడితో ఒంటరిగా, పదిమంది కంటికి కనపడనిచోట ఉండకూడదు. నియమం చిన్నదే. పైసా ఖర్చు లేదు. పెట్టుకోవడానికే అన్నేళ్లు పట్టింది.

వల ఎలా వేస్తాడు

చెడ్డవాడు మీసాలు మెలేసి రాడు. సినిమాలో విలన్‌లా ఉండడు. నవ్వుతూ వస్తాడు. ఇంటికొచ్చి "అమ్మా, మంచినీళ్లిస్తారా?" అని చాప మీద కూర్చుంటాడు. ముందు తల్లిదండ్రుల నమ్మకం సంపాదిస్తాడు. తర్వాత పిల్లల జోలికి పోతాడు.

పదిమందిలో ఒకరిని ఎంచుకుంటాడు. తండ్రి లేని బిడ్డనో, తండ్రి తాగి కొట్టే బిడ్డనో, ఎవరితోనూ మాట్లాడని బిడ్డనో. "నువ్వే నా బెస్ట్ వాలంటీర్‌వి" అంటాడు. అందరికన్నా ముందు నిలబెడతాడు. పెన్ను కొనిస్తాడు. ఫోన్‌లో రీచార్జ్ వేయిస్తాడు. సర్టిఫికెట్ ఇప్పిస్తానంటాడు. రాత్రిపూట వాట్సాప్‌లో "తిన్నావా? పడుకున్నావా?" అని పంపుతాడు.

తర్వాత చిన్న చిన్న గుట్లు మొదలవుతాయి. "ఈ చాక్లెట్ సంగతి అమ్మకు చెప్పకు." అమ్మకు చెప్పిందా లేదా అని చూస్తాడు. చెప్పలేదంటే ఇంకో అడుగు వేస్తాడు. భుజం మీద చెయ్యి. డ్రెస్సు సర్దుతున్నట్టు చెయ్యి. పాడు మాటలు, పాడు బొమ్మలు. అప్పటికి బిడ్డ ఆ పెన్నూ, రీచార్జీ తీసేసుకుంది. "ఇవన్నీ నేనే తీసుకున్నాగా, తప్పు నాదేనేమో" అనుకుంటుంది. అదే అతనికి కావలసింది.

"చెబితే నిన్ను చదువు మాన్పిస్తారు" అని కూడా బెదిరిస్తాడు. ఇక్కడ మనం కొంచెం ఆగి ఆలోచించుకోవాలి. ఆ బెదిరింపు ఎందుకు పనిచేస్తుంది? అది నిజం కాబట్టి. చాలా ఇళ్లలో అలాగే జరుగుతుంది. తప్పు చేసినవాడు దర్జాగా తిరుగుతాడు. బిడ్డను బడి మాన్పిస్తారు. తొందరపడి పెళ్లి చేసేస్తారు. ఇది చూసిన ఇంకో పది మంది ఆడపిల్లలు ఇక నోరు మెదపరు.

మగపిల్లలకు కూడా

"మగపిల్లాడికేమవుతుంది?" అని చాలామంది అంటారు. అమెరికా కథలో పాడైనవాళ్లు దాదాపు అంతా మగపిల్లలే.

మన దేశంలోనూ చూశారు. కేంద్ర ప్రభుత్వ మహిళా శిశు అభివృద్ధి శాఖ 13 రాష్ట్రాల్లో 12,447 మంది పిల్లలతో మాట్లాడించి 2007లో ఒక నివేదిక ఇచ్చింది. ఆంధ్రప్రదేశ్ కూడా అందులో ఉంది. ఏదో ఒక రకం లైంగిక వేధింపు తమకు జరిగిందని సగం మందికి పైగా పిల్లలు చెప్పారు. అలా చెప్పినవాళ్లలో కూడా సగానికి పైగా మగపిల్లలే. చేసినవాళ్లలో సగం మంది ఆ పిల్లలకు తెలిసినవాళ్లు, వాళ్లు నమ్మినవాళ్లు. ఎక్కువమంది పిల్లలు ఆ సంగతి ఎవరికీ చెప్పుకోలేదు.

మగపిల్లాడు ఇంకా చెప్పడు. నవ్వుతారని భయం. "నువ్వు మగాడివి కాదా?" అంటారని సిగ్గు. కాబట్టి కొడుకు క్యాంపుకు వెళ్లినా కూతురికి అడిగే ప్రశ్నలే అడగాలి.

ఏం అడగాలి

మళ్లీ ఆ కాగితం దగ్గరికి వద్దాం.

పిల్లలతో ఎంతమంది పెద్దవాళ్లు వెళ్తున్నారు? ఒక్కరే అయితే ఒప్పుకోకూడదు. ఆ ఒక్కరు ఎంత మంచివారైనా సరే. ఆడపిల్లలుంటే మేడం ఒకరు తప్పకుండా వెళ్లాలి. పగలు వచ్చి సాయంత్రం బస్సెక్కి పోవడం కాదు. రాత్రి కూడా అక్కడే ఉండాలి.

రాత్రి పడక ఎక్కడ? ఆడపిల్లలకు వేరే గది ఉందా? తలుపుకు లోపల గడియ ఉందా? పెద్దవాళ్లు పిల్లల గదిలో పడుకుంటారా, వేరే గదిలోనా? స్నానానికీ, మరుగుదొడ్డికీ ఎక్కడికి పోవాలి? దూరమైతే చీకట్లో ఎవరు తోడు వెళ్తారు? ఇవి చిన్న ప్రశ్నల్లా కనిపిస్తాయి. కాని ఆడవాళ్లకు వీటి విలువ తెలుసు. మరుగుదొడ్డి లేని ఊళ్లో చీకటి పడేదాకా ఆగినవాళ్లం కదా.

పిల్లలు ఇంటికి ఫోన్ చేయవచ్చా? కొన్ని క్యాంపుల్లో ఫోన్లు తీసి పెడతారు. క్రమశిక్షణ కోసమైతే తప్పు లేదు. కాని బిడ్డ అడిగినప్పుడు అమ్మతో మాట్లాడించాలి. తల్లిదండ్రులు ఎప్పుడైనా వచ్చి చూసిపోవచ్చా? "క్యాంపులోకి తల్లిదండ్రులు రాకూడదు" అంటే ఆ క్యాంపుకు పంపవద్దు. చూడకూడనిది అక్కడేముంది?

క్లబ్బు సార్ పిల్లలకు విడివిడిగా మెసేజీలు పెడుతున్నారా? పెట్టాలంటే అందరూ ఉన్న గ్రూపులో పెట్టమనాలి. ఆ గ్రూపులో తల్లిదండ్రుల్ని కూడా చేర్చమనాలి.

ఆ మనిషి గురించి పోలీసులతో విచారణ చేయించారా? ఈ ప్రశ్న అడగడానికి మొహమాటంగా ఉంటుంది. కాని ఇది మనం పుట్టించిన ప్రశ్న కాదు. 2020లో కేంద్ర ప్రభుత్వం చేసిన పోక్సో నియమాల్లో ఉంది. బడులు, ఆటల అకాడమీలు, ఇంకా పిల్లలతో తరచు పనిచేసే సంస్థలన్నీ పిల్లల దగ్గరికి వచ్చే సిబ్బంది గురించి అప్పుడప్పుడు పోలీసు విచారణ చేయించాలి. జీతం లేకుండా వచ్చేవాళ్లకు కూడా అలాగే చేయించమని మనం అడగవచ్చు. విచారణలో పాత కేసు ఉంటేనే తెలుస్తుంది. కేసు కాని దొంగ బయటపడడు. అందుకే విచారణ అయినా సరే, ఇద్దరు పెద్దవాళ్ల నియమం వదలకూడదు.

"ఏమమ్మా, నన్ను అనుమానిస్తున్నావా?" అని ఎవరైనా కోప్పడితే?

"మిమ్మల్ని కాదు సార్. అందరినీ ఇలాగే అడుగుతున్నాం" అనాలి. బస్సులో కండక్టరు టికెట్ అడిగితే మనల్ని దొంగ అన్నట్టా? మంచి మనిషికి ఈ ప్రశ్నలు మేలే చేస్తాయి. ఇద్దరు పెద్దవాళ్లుంటే ఆయన మీద కూడా ఎవరూ లేనిపోని మాట అనలేరు.

ఒక్క తల్లి అడిగితే గొంతు చిన్నది. పొదుపు సంఘంలో పదిమంది మాట్లాడుకుని, ఇద్దరు ముగ్గురు కలిసి బడికి వెళ్తే హెడ్మాస్టరు గారే కుర్చీ వేయిస్తారు.

బిడ్డతో మాట్లాడడం

బిడ్డకు కూడా ముందే చెప్పి ఉంచాలి. భయపెట్టి కాదు. జడ వేస్తూనో, అన్నం పెడుతూనో చెప్పవచ్చు. నీ ఒళ్లు నీది. ఎవరు తాకినా నీకు నచ్చకపోతే వద్దను, గట్టిగా అరువు, అక్కడి నుంచి వచ్చేయ్. సార్ అయినా, మామయ్య అయినా, స్వామీజీ అయినా సరే. అమ్మకు చెప్పవద్దన్న మాట ఏదైనా ముందు అమ్మకే చెప్పు. నువ్వేం చెప్పినా నిన్ను తిట్టను, బడి మాన్పించను. ఈ ఆఖరి మాట ఇచ్చాక తప్పకూడదు.

క్యాంపు నుంచి వచ్చాక "బాగా జరిగిందా?" అంటే "ఆఁ" అని ఊరుకుంటారు. "నీ పక్కన ఎవరు పడుకున్నారు? ఏం వండారు? ఎవరి మీద నవ్వుకున్నారు? నీకు నచ్చనిది ఏం జరిగింది?" అని అడిగితే మాట మాటకు అల్లుకుని బయటికి వస్తుంది.

కొందరు నోటితో చెప్పరు. నిన్నటిదాకా క్లబ్బంటే ఎగిరి గంతేసిన పిల్ల ఇవాళ వెళ్లనంటుంది. అన్నం సయించదు. రాత్రి ఉలిక్కిపడి లేస్తుంది. ఫోన్ మోగితే దాచుకుంటుంది. ఒకే మనిషి పేరు చెబితే ముఖం తిప్పుకుంటుంది. వీటికి వేరే కారణాలు కూడా ఉండవచ్చు. అయినా దగ్గర కూర్చోబెట్టుకుని నెమ్మదిగా అడగాలి.

బిడ్డ చెప్పినప్పుడు తల్లి నోట వచ్చే మొదటి మాట చాలా పెద్దది. "ఇన్నాళ్లూ ఎందుకు చెప్పలేదు?", "నువ్వెందుకు వెళ్లావు అక్కడికి?" అంటే బిడ్డ మళ్లీ నోరు తెరవదు. "చెప్పి మంచి పని చేశావు. తప్పు నీది కాదు. నేనున్నాను" అనాలి. లోపల గుండె మండిపోతున్నా సరే. మళ్లీ మళ్లీ గుచ్చి గుచ్చి అడగవద్దు. పదిమంది ముందు చెప్పించవద్దు. ఒంటిమీద బట్టలు ఉతకవద్దు. విడిగా కాగితం సంచిలో దాచాలి. ఫోన్‌లో వచ్చిన మెసేజీలు తుడిచేయవద్దు. అవి సాక్ష్యం.

చట్టం ఏం చెబుతుంది

2012లో పిల్లల కోసం ఒక చట్టం వచ్చింది. దాన్ని పోక్సో చట్టం అంటారు. ఆ ఏడాది నవంబరు 14 నుంచి, అంటే బాలల దినోత్సవం నాటి నుంచి అమలులో ఉంది. 18 ఏళ్లు నిండని ఆడపిల్లలకూ మగపిల్లలకూ ఇది వర్తిస్తుంది. పాడు ఉద్దేశంతో తాకడం నేరం. పాడు బొమ్మలు చూపడం నేరం. బట్టల మీద నుంచి తాకినా నేరమేనని 2021లో సుప్రీంకోర్టు స్పష్టంగా చెప్పింది. పిల్లలు నమ్మే స్థానంలో ఉన్నవాడు చేస్తే, పిల్లలకు సేవ చేసే సంస్థలోనివాడు చేస్తే శిక్ష ఇంకా పెద్దది.

ఊళ్లో పెద్దలు "కూర్చుని మాట్లాడుకుందాం" అంటారు. "క్లబ్బు పేరు పోతుంది, బడి పేరు పోతుంది, నీ పిల్ల పేరు పోతుంది" అంటారు. ఇలాంటి నేరంలో పంచాయితీకి, రాజీకి చోటు లేదు. నేరం సంగతి తెలిసినవారెవరైనా పోలీసులకు చెప్పి తీరాలి. చెప్పకపోతే 6 నెలల దాకా జైలు, లేదా జరిమానా, లేదా రెండూ. తన కింద పనిచేసేవాడు చేసిన నేరాన్ని సంస్థ పెద్ద దాస్తే అతనికి ఏడాది దాకా జైలు, జరిమానా. అమెరికాలో బీరువాలో ఫైళ్లు దాచారే, ఆ పని ఇక్కడ చేస్తే అదే ఒక నేరం. మంచి మనసుతో చెప్పినవాళ్ల మీద మాత్రం ఏ కేసూ రాదు.

ఎవరికి చెప్పాలి? పోలీసు స్టేషన్‌లో చెప్పవచ్చు. 1098 నంబరుకు ఫోన్ చేయవచ్చు. అది పిల్లల కోసం ఉన్న నంబరు. పగలూ రాత్రీ పనిచేస్తుంది, డబ్బులు పడవు. అత్యవసరమైతే 112. "క్యాంపు వేరే జిల్లాలో జరిగింది, అక్కడికే పోండి" అని స్టేషన్‌లో పంపేయడానికి వీల్లేదు. 2024 జులై 1 నుంచి అమలులోకి వచ్చిన కొత్త చట్టం ప్రకారం ఏ స్టేషన్‌లోనైనా ఫిర్యాదు తీసుకోవాలి. దాన్ని జీరో ఎఫ్.ఐ.ఆర్. అంటారు. తర్వాత వాళ్లే ఆ స్టేషన్‌కు పంపుకుంటారు.

మనం చెప్పింది రాసి, మనకు చదివి వినిపించాలి. ఇప్పుడు మనమే చదువుకోగలం కూడా. చదివి, మనం చెప్పిందే రాశారని చూసుకుని సంతకం పెట్టాలి. ఎఫ్.ఐ.ఆర్. నకలు ఉచితంగా ఇస్తారు. అడిగి తీసుకోవాలి.

బిడ్డను స్టేషన్‌కు తిప్పనక్కరలేదు. వాంగ్మూలం ఇంటి దగ్గరో, బిడ్డకు నచ్చినచోటో తీసుకుంటారు. వీలైనంత వరకు ఎస్.ఐ. హోదాకు తగ్గని మహిళా పోలీసు రావాలి. యూనిఫాంలో రాకూడదు. తల్లో తండ్రో పక్కన ఉండవచ్చు. రాత్రిపూట బిడ్డను స్టేషన్‌లో ఉంచకూడదు. ఆడపిల్లను లేడీ డాక్టరే పరీక్ష చేయాలి. ఎఫ్.ఐ.ఆర్. ఇంకా కాలేదని ఆస్పత్రిలో తిప్పి పంపకూడదు. వైద్యం ఉచితం. బిడ్డ పేరు, ఫోటో, బడి పేరు, ఇంటి గుర్తు పేపర్లో గాని టీవీలో గాని వేయకూడదు. వేస్తే అదీ నేరమే. కాబట్టి "పేరు బయటికి పోతుంది" అని భయపెట్టేవాళ్లకు ఈ మాట చెప్పవచ్చు. ఊళ్లో పేరు బయటికి మోసేది మామూలుగా వాళ్లే.

ఇవన్నీ ప్రతి స్టేషన్‌లో వాటంతటవి జరగవు. కొన్నిచోట్ల అడిగి చేయించుకోవాలి. 1098 వాళ్లు తోడు వస్తారు. జిల్లాలో ఉన్న సఖి కేంద్రం తోడు వస్తుంది. సంఘంలోని ఆడవాళ్లు నలుగురు వెంట ఉంటే ఇంకా ధైర్యం.

కాలేజీకి వెళ్లే అమ్మాయికి 18 నిండితే పోక్సో వర్తించదు. అంతమాత్రాన దిక్కు లేదని కాదు. ఇలాంటి ఫిర్యాదులు వినడానికి ప్రతి కాలేజీలో ఒక కమిటీ ఉండాలి. దానికి పెద్దగా ఒక మహిళే ఉండాలి. ఎన్.ఎస్.ఎస్. క్యాంపులో జరిగినా అక్కడ రాసివ్వవచ్చు. పోలీసులకూ చెప్పవచ్చు.

కాగితం వెనక

ఆ రాత్రి తల్లి సంతకం పెట్టలేదు. కూతురి పెన్ను తీసుకుంది. కాగితం వెనక్కి తిప్పింది. ఖాళీగా ఉన్నచోట పెద్ద పెద్ద అక్షరాలతో రాసింది. ఒక వత్తు తప్పు పోతే కూతురు దిద్దింది.

"పిల్లలతో వచ్చే మేడం ఎవరు? ఫోన్ నంబరు రాయండి. రాత్రి ఆడపిల్లలు ఎక్కడ పడుకుంటారు?"

"అమ్మా, సార్ ఏమనుకుంటారో" అంది కూతురు, సిగ్గుపడుతూ.

"ఏమనుకుంటారో రేపు చూద్దాం."

మర్నాడు సాయంత్రం కాగితం తిరిగి వచ్చింది. మొదటి ప్రశ్న కింద ఎర్ర సిరాతో ఒక మేడం పేరు, పది అంకెల నంబరు ఉన్నాయి. రెండో ప్రశ్న కింద ఏమీ రాయలేదు.

తల్లి ఆ ప్రశ్న కింద గీత గీసి, కాగితం మళ్లీ కూతురి సంచిలో పెట్టింది.